చెరువు గట్టు మీది కెమెరా ఇంటికెందుకు కనబడదు?

భీమవరం దగ్గర మా బావకి నాలుగు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకి ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగాయంటే రొయ్య తేలిపోతుంది. ఆ టెన్షన్ పడలేక కిందటేడు కాపలా షెడ్డులో నాలుగు కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ ఒకటి, సిమ్ వేసుకునే 4జీ రూటర్ ఒకటి పెట్టించాడు. బిగించిన కుర్రాడు "పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా చేసేశానండీ, ఇంక ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చు" అని చెప్పి వెళ్ళాడు. షెడ్డులో కూర్చుంటే ఫోన్‌లో బొమ్మ చక్కగా వస్తోంది. గట్టు దిగి బండెక్కేసరికి పోతోంది. ఇంటికొస్తే అసలే రాదు.

ఆ కుర్రాడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ రూటర్‌ని రీసెట్ చేసి అవే అంకెలు మళ్ళీ కొట్టాడు. నేను వెళ్ళి చూస్తే అతను రాసిన నియమంలో తప్పేమీ లేదు. అతను వెతుకుతున్న చోట తప్పు లేకపోవడమే అక్కడి తిరకాసు. సిమ్ రూటర్లు కొన్న చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు కాబట్టి దీన్ని కాస్త విప్పి చెప్పుకుందాం.

ఇంటింటికీ ఫోన్లు లేని రోజుల్లో శుభలేఖల మీద "పి.పి." అని ఒక నంబరు ఉండేది, గుర్తుందా? అది మన నంబరు కాదు. వీధి చివర కిరాణా కొట్టుదో, ఎదురింటి మేష్టారిదో. ఊరవతల వాళ్ళు ఆ నంబరుకి చేసి "ఫలానా వాళ్ళని పిలవండి" అంటే కొట్లో కుర్రాడు పరుగున వచ్చి పిలిచేవాడు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే అచ్చంగా ఇదే. కొట్టు మన రూటర్. కొట్టు ఫోన్ నంబరు మన పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో బయటివాళ్ళకి కనిపించే చిరునామా. "ఫలానా వాళ్ళు" అనేది పోర్టు నంబరు, 65535 వరకు ఏదైనా కావచ్చు. "8000 పోర్టుకి ఎవరొచ్చినా 192.168.1.50 దగ్గరికి పంపు" అని మనం రూటర్‌లో రాసే నియమం, కొట్టాయన మనసులో ఉన్న గుర్తు. ఆ 192.168.1.50 షెడ్డు లోపల డీవీఆర్ చిరునామా.

ఇది సాగాలంటే మూడు కుదరాలి. కొట్టుకి బయటివాళ్ళు చేయగలిగిన నంబరుండాలి. ఎవరిని పిలవాలో కొట్టాయనకి తెలియాలి. పిలిపించుకున్న మనిషి ఇంట్లో ఉండి, వచ్చి, ఆ పెట్టిన ఫోనే ఎత్తి మాట్లాడాలి. కుర్రాడు మూడుసార్లూ చూసింది మధ్యదాన్ని మాత్రమే.

ఆ మధ్యదాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ప్రోటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి), బయటి పోర్టు, లోపలి ఐపీ, లోపలి పోర్టు, అంతే. హిక్‌విజన్ డీవీఆర్‌లు మామూలుగా 8000, దహువావి 37777 వాడతాయి. నేరుగా వీడియో లాగే ఆర్‌టీఎస్‌పీకి 554. వెబ్ పేజీకి 80. ఈ 80ని బయటి పోర్టుగా పెట్టకండి, రూటర్ సొంత సెట్టింగుల పేజీ కూడా దాని మీదే కూర్చుని ఉండొచ్చు. డీవీఆర్ ఐపీ రోజుకోటి మారితే నియమం ఖాళీ కుర్చీకి పిలుపు పంపుతుంది కనుక, రూటర్‌లోనే డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ పెట్టి ఆ డీవీఆర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా చేయాలి. డీవీఆర్‌లోకి వెళ్ళి చేత్తో కొట్టడం కంటే ఇదే నయం. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

చేత్తో కొట్టే పేజీలో మూడు గళ్ళుంటాయి: ఐపీ, సబ్‌నెట్ మాస్క్ (మన నెట్‌వర్క్ ఎంతవరకో చెప్పేది), గేట్‌వే (బయటికి పోవాలంటే దారి చూపే రూటర్ చిరునామా). మొదటి రెండూ నింపి మూడోది వదిలేసినవి, పాత ఇంటి గేట్‌వే అలాగే ఉండిపోయినవి నేను లెక్కలేనన్ని చూశాను. షెడ్డులో వైఫై మీద ఉన్నంతసేపు ఆ గడి అవసరమే పడదు. ఫోనూ డీవీఆరూ ఒకే 192.168.1 నెట్‌వర్క్‌లో ఇరుగుపొరుగు, మధ్యలో రూటర్ దారి చూపాల్సిన పనిలేదు. బయటినుంచి వచ్చినప్పుడు కథ మారుతుంది. ఫార్వర్డింగ్ నియమం ప్యాకెట్ (నెట్‌లో పోయే సమాచారపు ముక్క) మీద "ఎవరికి" అన్నది మాత్రమే మారుస్తుంది, "ఎవరినుంచి" అన్నది ముట్టుకోదు. కాబట్టి డీవీఆర్‌కి కనిపించేది ఎక్కడో ఉన్న ఫోన్ చిరునామా. దానికి జవాబు పంపాలంటే గేట్‌వే ఎవరో తెలియాలి. తెలియకపోతే జవాబు డీవీఆర్ దగ్గరే చచ్చిపోతుంది. మనకి మాత్రం "కనెక్షన్ టైమౌట్" అని వస్తుంది, రూటర్‌ని తిట్టుకుంటాం.

రూటింగ్ అనే మాటకి అసలు అర్థం ఇక్కడే ఉంది. ప్రతి పెట్టెలోనూ ఒక పట్టిక ఉంటుంది: ఫలానా అంకెలతో మొదలయ్యేవి ఈ వైపు, మిగతావన్నీ ఆ వైపు. అందులో ఎక్కువ వివరంగా ఉన్న వరుసకే మొదటి మాట. ఏదీ కుదరకపోతే "మిగతావన్నీ" అనే డిఫాల్ట్ వరుస. అలాంటి వరుసలు రెండుంటే మెట్రిక్ (దారికి ఇచ్చిన వరస అంకె) తక్కువున్నది గెలుస్తుంది. ప్యాకెట్ వచ్చిన దారి ఈ పట్టికకి గుర్తుండదు. రాక ఒక లెక్క, పోక ఇంకో లెక్క. పోర్ట్ ఫార్వర్డింగ్ గురించి అడిగే ప్రశ్నల్లో సగం నిజానికి ఈ పోక గురించినవి.

ఉదాహరణకి షెడ్డుకి తర్వాతెప్పుడో ఫైబర్ లైను కూడా వచ్చిందనుకోండి. సిమ్ రూటర్ ఒకటి, ఫైబర్ రూటర్ ఒకటి, రెండూ ఒకే స్విచ్‌కి తగిలించారు. డీవీఆర్ గేట్‌వే ఫైబర్ రూటర్. బయటినుంచి ప్యాకెట్ సిమ్ వైపు నుంచి వచ్చింది. జవాబు ఫైబర్ వైపు పోయింది. పోతూ పోతూ ఆ రూటర్ దాని మీద తన చిరునామా వేసింది. అవతల ఫోన్ "నేను మాట్లాడింది వీళ్ళతో కాదే" అని దాన్ని పారేస్తుంది. రెండు లైన్లూ ఒకే రూటర్‌లోకి వచ్చినప్పుడు, కొన్ని రూటర్లు ఏ దారిలో వచ్చిందో గుర్తు పెట్టుకుని ఆ దారినే జవాబు పంపుతాయి. కొన్నిటికి ఆ తెలివి ఉండదు. దీనికో నాటు మందు ఉంది: సిమ్ రూటర్‌లో లోపలి వైపుకి కూడా మాస్కరేడ్ పెట్టడం. అప్పుడు బయటినుంచి వచ్చినవన్నీ రూటరే అడిగినట్టు డీవీఆర్‌కి కనబడతాయి, జవాబు చచ్చినట్టు రూటర్‌కే వస్తుంది. కాకపోతే డీవీఆర్ లాగ్‌లో దొంగైనా దొరైనా ఒకే ఐపీతో కనిపిస్తాడు.

సిగ్నల్ చాలడం లేదని సిమ్ రూటర్ వెనక ఇంకో వైఫై రూటర్ తగిలించడం మన దగ్గర మరీ మామూలు. రెండింటికీ పుట్టుకతో వచ్చిన చిరునామా 192.168.1.1 అయితే రెండూ తన్నుకుంటాయి. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చే పెట్టెగా) మార్చేయండి: అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, చిరునామా మార్చి, తీగని వాన్ (బయటి వైపు) పోర్టులో కాకుండా లాన్ (లోపలి వైపు) పోర్టులో గుచ్చితే చాలు. అలా కుదరక రెండూ రూటర్లుగానే ఉండాలంటే రెండోచోట కూడా ఫార్వర్డింగ్ రాయాలి. లేదా రెండోదాంట్లో నాట్ (ప్యాకెట్ మీద చిరునామా మార్చే పని) తీసేసి, మొదటిదాంట్లో "192.168.2 నెట్‌వర్క్‌కి పోవాలంటే 192.168.1.2 మీదుగా" అని స్టాటిక్ రూట్ వేయాలి.

ఇంకో మాట. పరీక్ష ఎప్పుడూ బయటినుంచే చేయండి. షెడ్డు వైఫై మీదే ఉండి పబ్లిక్ ఐపీ కొట్టి చూస్తే, అన్నీ సరిగా ఉన్నా కొన్ని రూటర్లు తెరవవు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడాలి. నియమాల పక్కన ఎన్ని ప్యాకెట్లు తగిలాయో లెక్క చూపే రూటర్ అయితే పని ఇంకా తేలిక. బయటినుంచి పదిసార్లు ప్రయత్నించినా ఆ లెక్క సున్నా దగ్గరే ఉందంటే, ప్యాకెట్ మీ రూటర్ గుమ్మం దాకా రానేలేదని అర్థం. ఇక లోపల ఎంత గెలికినా లాభం లేదు.

బావ దగ్గర లెక్క సున్నా.

సిమ్‌కి సొంత నంబరు లేదు

రూటర్ స్టేటస్ పేజీ తెరిచి మొబైల్ వైపు ఐపీ చదివాను. 100.72తో మొదలైంది. అదే వైఫై మీద ఫోన్ బ్రౌజర్‌లో "నా ఐపీ ఎంత" అని చూపించే సైటు తెరిస్తే వేరే అంకె వచ్చింది. ఈ రెండూ ఒకటి కాకపోతే జబ్బు దొరికినట్టే.

ఐపీవీ4, అంటే ఇందాకటి నుంచి చెప్పుకుంటున్న రకం చిరునామాలు, మొత్తం ప్రపంచానికి 429 కోట్లు. అందులో మిగిలిన చివరి అయిదు పెద్ద కట్టలనీ 2011 ఫిబ్రవరి 3న అయిదు ప్రాంతీయ సంస్థలకి తలొకటి పంచేశారు. మన ఆసియా పసిఫిక్ వాటా చూసే ఏపీనిక్ ఆ ఏప్రిల్‌లోనే రేషన్‌లోకి వెళ్ళిపోయింది. మన దేశంలో డేటా వెల్లువ వచ్చింది ఆ తర్వాత. జియో తన సేవలు మొదలుపెట్టింది 2016 సెప్టెంబర్ 5న. అప్పటికి కోట్లాది సిమ్‌లకి తలా ఒక ఐపీవీ4 ఇవ్వడానికి ఎవరి దగ్గరా సరుకు లేదు. అందుకని ఆపరేటర్లు వేల సిమ్‌లని ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడతారు. దీన్నే సీజీనాట్ అంటారు. మన రూటర్ మన ఇంటికి చేసే పనినే ఆపరేటర్ కొన్ని జిల్లాలకి కలిపి చేస్తున్నట్టు. ఇలాంటి వాడకానికే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 వరకు, దాదాపు 42 లక్షల చిరునామాలు పక్కకి తీసి పెట్టారు. కొందరు ఆపరేటర్లు 10తో మొదలయ్యేవి ఇస్తారు. 192.168, 172.16 నుంచి 172.31 వరకు, ఇవన్నీ ఆ కోవవే. బయటి ప్రపంచంలో ఏ రూటర్‌కీ వీటికి దారి తెలియదు.

పి.పి. నంబరు పోలికలో చెప్పాలంటే మన సిమ్ బస్టాండులోని ఎస్టీడీ బూత్ లాంటిది. అక్కణ్ణుంచి ఎవరికైనా చేయొచ్చు, అవతలివాళ్ళు ఎంతసేపైనా మాట్లాడొచ్చు. పెట్టేసి బయటికొచ్చాక వాళ్ళు మళ్ళీ మనకి చేయలేరు. చేసినా బూత్ ఆయనకి మనమెవరో తెలియదు. ఫార్వర్డింగ్ నియమం రాయాల్సింది ఆపరేటర్ పెట్టెలో, అందులో చెయ్యి పెట్టే హక్కు మనకి లేదు. డీఎంజెడ్ (వచ్చినవన్నీ ఒకే పరికరానికి పంపడం) ఆన్ చేసినా, యూపీఎన్‌పీ (పరికరమే నియమం రాయించుకోవడం) ఆన్ చేసినా అవి మన రూటర్‌లో జరిగే మార్పులే.

డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది చెప్తుంటారు. మారే ఐపీకి మారని పేరు పెట్టడం దాని పని, అది బాగానే చేస్తుంది. కానీ ఐపీయే మనది కానప్పుడు పేరు పెట్టి ఏం లాభం? రూటర్ తన వాన్ ఐపీని పంపితే ఆ పేరు 100.72 అనే చేరలేని చోటికి చూపిస్తుంది. బయట కనిపించే ఐపీని పంపితే ఆపరేటర్ గుమ్మానికి చూపిస్తుంది. రెండోది మరీ మోసకారి, పేరు సరిగ్గా తెరుచుకున్నట్టే ఉంటుంది మరి.

దారులేవి

మొదటిది, ఆపరేటర్ దగ్గర స్టాటిక్ పబ్లిక్ ఐపీ ఉన్న సిమ్ తీసుకోవడం. ఇవి మామూలు దుకాణంలో దొరికేవి కావు, సంస్థల పేరు మీద ఇస్తారు. యంత్రాలకోసం ఇచ్చే ఎం2ఎం సిమ్‌లకైతే నంబరే 13 అంకెలుంటుంది. వాటికి ఏపీఎన్ (సిమ్ ఏ గుమ్మం గుండా నెట్‌లోకి వెళ్ళాలో చెప్పే పేరు) వేరు. మామూలు జియోనెట్ గానీ, ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్.కామ్ గానీ రూటర్‌లో వదిలేస్తే పాత పంపకపు ఐపీయే వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. "స్టాటిక్ ఐపీ ఇస్తాం" అంటే పబ్లిక్ ఐపీ అని అర్థం కాదు. మారకుండా 10తో మొదలయ్యే ఐపీ ఇచ్చినా అది స్టాటిక్కే, ఆ సంస్థ సొంత నెట్‌వర్క్ నుంచి తప్ప కనబడదు. డబ్బు కట్టేముందు "బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరొచ్చా, లోపలికి వచ్చే పోర్టులు ఏమైనా ఆపుతారా" అని తెలుగులోనే సూటిగా అడగండి.

రెండోది ఐపీవీ6, అంటే ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త రకం చిరునామాలు. దీని వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది, మన సిమ్‌లలో చాలావాటికి అది వస్తోంది కూడా. అందులో ప్రతి పరికరానికీ సొంత చిరునామా, ఫార్వర్డింగ్ మాటే ఉండదు, ఫైర్‌వాల్‌లో తలుపు తీస్తే చాలు. వినడానికి బాగుంటుంది. ఆచరణలో పాత డీవీఆర్‌కి ఐపీవీ6 రాదు, ఆపరేటర్ లోపలికి వచ్చేవాటిని మధ్యలోనే ఆపేయొచ్చు, చూసేవాళ్ళ వైపు కూడా ఐపీవీ6 ఉండాలి. చెరువు మీద ఆధారపడి బతికేవాళ్ళకి నేనైతే ఇప్పుడే దీన్ని చెప్పను.

మూడోదే నాకు నచ్చేది. మనకి ఫోన్ రాదు కదా, మనమే చేసి పెట్టేయకుండా లైను పట్టుకుని కూర్చుందాం. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న సర్వర్ ఒకటి నెలకి కొన్ని వందల రూపాయలకి అద్దెకి దొరుకుతుంది. చెరువు దగ్గరి రూటర్ దానికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగానే, ఇతరులు చూడలేని సొంత దారి) వేస్తుంది. మన ఫోన్ కూడా అదే సర్వర్‌కి కలుస్తుంది. సర్వర్ రెండింటినీ కలుపుతుంది. వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి కెర్నల్‌లోనే ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ మీద కట్టిన రూటర్లలో, ఉదాహరణకి టెల్టోనికా వాటిలో, పెట్టుకోవచ్చు. కొనేముందు మీ మోడల్‌లో ఉందో లేదో చూసుకోండి, చౌక రకాల్లో చాలావాటికి ఉండదు.

ఇందులో జనం ఎక్కువగా తప్పు చేసేది నాలుగు చోట్ల. మాట్లాడకుండా కాసేపుంటే సీజీనాట్ మనల్ని మరిచిపోతుంది, అందుకని కీప్‌అలైవ్ (ఉన్నామని పలకరించే గడువు) 25 సెకన్లు పెట్టాలి. పెట్టకపోతే పొద్దున పనిచేసింది మధ్యాహ్నానికి పడుకుంటుంది. ఇంకోటి అలౌడ్ ఐపీస్ అనే గడి. అది అనుమతుల జాబితాలా కనిపిస్తుంది గానీ రూటింగ్ కూడా అదే చేస్తుంది. సర్వర్‌లో అక్కడ రూటర్ టన్నెల్ చిరునామా ఒక్కటే రాస్తే రూటర్‌కి పింగ్ వెళ్తుంది, డీవీఆర్‌కి వెళ్ళదు. చెరువు నెట్‌వర్క్ మొత్తాన్నీ అందులో రాయాలి. ఫోన్‌లో కూడా రాయాలి. మూడోది, రూటర్ ఫైర్‌వాల్‌లో టన్నెల్ నుంచి లాన్‌లోకి పోనివ్వమని చెప్పాలి. డీవీఆర్‌లో ఆ గేట్‌వే గడి ఇక్కడ కూడా నిండి ఉండాల్సిందే.

నాలుగోది నాకే తగిలింది, ఒక సాయంత్రం తినేసింది. బండి మీద వస్తుంటే బొమ్మ వస్తోంది, ఇంట్లో వైఫై తగలగానే పోతోంది. మా ఇంటి రూటరూ 192.168.1, చెరువు రూటరూ 192.168.1. ఫోన్ 192.168.1.50 అంటే ఇంట్లోనే ఉందనుకుని ఇంట్లో వెతుక్కుంటోంది. చెరువు నెట్‌వర్క్‌ని 192.168.77కి మార్చాక గోల వదిలింది. సిమ్ రూటర్ పెట్టె తెరిచిన మొదటి రోజే ఈ పని చేసేయండి, తర్వాత ప్రతి కెమెరా ఐపీ మార్చుకుంటూ కూర్చోవడం నరకం. లాగిన్ అవుతోంది గానీ బొమ్మ దగ్గర ఆగిపోతోందంటే టన్నెల్ ఎంటీయూని (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజుని) 1420 నుంచి 1280కి దించి చూడండి.

సర్వర్ గొడవ వద్దనుకునేవాళ్ళకి టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి ఇదే పనిని తేలిక చేస్తాయి. టెయిల్‌స్కేల్ ఇచ్చే చిరునామాలు కూడా 100తోనే మొదలవుతాయి, అదే సీజీనాట్ కట్టలోంచి తీసుకుంది. చూసి ఆపరేటర్ ఐపీ అని కంగారు పడకండి.

నిజం చెప్పాలంటే, డీవీఆర్ మీద ఉన్న క్యూఆర్ కోడ్‌ని కంపెనీ యాప్‌తో స్కాన్ చేస్తే పనిచేసే పద్ధతి కూడా ఇదే. డీవీఆరే కంపెనీ సర్వర్‌కి ఫోన్ చేసి కూర్చుంటుంది. ఒకటి రెండు కెమెరాలున్న ఇంటికి అది చాలు, ఈ వ్యాసమంతా అక్కర్లేదు. చెరువు మోటార్ల కంట్రోలర్, మీటర్, డీవీఆర్ అన్నీ ఒకేచోట నుంచి చూడాలనుకున్నప్పుడు, వీడియో ఎవరి సర్వర్ మీదుగా పోతోందో పట్టించుకునేవాళ్ళకి సొంత టన్నెల్ మేలు. ఏ పద్ధతైనా సిమ్ డేటా లెక్క చూసుకోవాలి. 4 ఎంబీపీఎస్ మెయిన్ స్ట్రీమ్ గంటకి 1.8 జీబీ తాగుతుంది, రోజుకి 2 జీబీ ప్యాక్ టిఫిన్ వేళకే అయిపోతుంది. 512 కేబీపీఎస్ సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) అయితే గంటకి 230 ఎంబీ.

పబ్లిక్ ఐపీ సిమ్ సంపాదించినవాళ్ళకి ఒక హెచ్చరిక. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్‌లో తలుపు తీసి ఉన్న కెమెరాలనీ, డీవీఆర్‌లనీ, రూటర్లనీ వెతికి పట్టుకుంది. దాని ఆయుధం ఫ్యాక్టరీలో పెట్టి వదిలేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జతలు అరవై చిల్లర, అంతే. ఆ అక్టోబర్ 21న అలా పట్టిన పరికరాలతోనే డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి ఐపీలు చెప్పే) కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. మనం విసుక్కునే సీజీనాట్ అలాంటివాళ్ళ నుంచి అడ్డుగోడగా కూడా నిలబడుతోంది. పబ్లిక్ ఐపీ రాగానే ఆ గోడ పోతుంది. 8000 బదులు 48123 పెడితే దాక్కున్నట్టు కాదు, పోర్టులన్నీ తట్టి చూసే యంత్రాలకి ఓపిక ఎక్కువ. తప్పదనుకుంటే నియమంలో "ఈ ఐపీ నుంచి వస్తేనే" అని సోర్స్ గడి నింపండి. రూటర్ సెట్టింగుల పేజీని మాత్రం బయటికి అసలే తెరవకండి.

బావ దగ్గర టన్నెల్ పెట్టిన రోజే, కుర్రాడు రాసిన ఫార్వర్డింగ్ నియమాన్ని తీసేశాను. ఆరునెల్లుగా ఒక్క ప్యాకెట్ కూడా తగలని నియమం అది. మొన్న ఆ కుర్రాడే ఫోన్ చేశాడు, ఆకివీడు వైపు ఇంకో చెరువు దగ్గర ఇదే గోలండీ, రీసెట్ చేయమంటారా అని. ముందు స్టేటస్ పేజీ తెరిచి మొబైల్ ఐపీ చదవమన్నాను.

కాసేపు ఏరియేటర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"పదితో మొదలైందండీ" అన్నాడు.